తాళాల రాఘవమ్మ

నరసరావుపేటలో రైలుస్టేషను నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో, ఎడమచేతి సందులో, బ్రహ్మయ్యగారి వాటాలంటే ఆ రోజుల్లో తెలియనివాళ్ళు లేరు. పెంకులు కప్పిన పొడవాటి వరస. ఒక్కో వాటాకి ముందొక గది, వెనకొక వంటిల్లు, వాకిట్లో మాచర్ల నాపరాళ్ళు పరిచిన అరుగు. యుద్ధం జరుగుతున్న కాలం. రేషనాఫీసు గుమాస్తాలు, పొగాకు కంపెనీ వాళ్ళు, రైల్వే వాళ్ళు, ఎక్కడెక్కడి నుంచో బదిలీ మీద వచ్చి ఇళ్ళు దొరక్క సత్రాల్లో పడుకుంటుంటే, కిరాణా కొట్టు నడిపే బ్రహ్మయ్యకి ఈ ఆలోచన తట్టింది. కట్టీ కట్టకముందే వాటాలన్నీ నిండిపోయాయి.

సందుకి ఇవతల, వాటాలకి ఎదురుగా, ఆయన సొంత ఇల్లు. ఆ ఇంట్లో ఆయన భార్య కృష్ణవేణి, పిల్లలు, అక్కగారు రాఘవమ్మ.

రాఘవమ్మని బెల్లంకొండ దగ్గర పల్లెకి ఇచ్చి పెళ్ళి చేసినప్పుడు ఆమెకి ఊహ కూడా సరిగా తెలియదు. కాపరానికి వెళ్ళిన ఏడాదికే విషజ్వరంతో మొగుడు పోయాడు. పదిహేనేళ్ళ పిల్ల, ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటికి బ్రహ్మయ్య బొడ్డూడని కుర్రవాడు. తల్లి మంచాన పడితే వాణ్ణి చంకనేసుకుని పెంచింది రాఘవమ్మే. ఆ తర్వాత వాడి పిల్లల్ని పెంచింది. ముప్పై ఏళ్ళకి పైగా ఆమె లోకం వంటిల్లు, పెరడు, తెల్లవారుజామున ఇంకా ఎవరూ లేవకముందు చుట్టివచ్చే గుడి. ముందు వరండాలోకి కూడా పెద్దగా వచ్చేది కాదు. పొద్దున్నే బయటకి పోయేవాళ్ళకి ఎదురుపడతానేమోనని ఆమె భయం. ఎవరో అనకముందే తానే తప్పుకోవడం అలవాటు చేసుకుంది.

అలాంటి మనిషి చేతికి వాటాల తాళాలు ఎలా వచ్చాయంటే, అదంతా బ్రహ్మయ్య పిసినారితనం వల్ల వచ్చింది.

చవగ్గా వస్తున్నాయని ఆయన గుంటూరులో ఒకే కొట్టులో తాళం కప్పలన్నీ ఒక్కసారే కొన్నాడు. ఒక్కో కప్పకి రెండేసి తాళంచెవులు. ఒకటి అద్దెకున్నవాళ్ళకిచ్చి, రెండోది బిస్కట్ల డబ్బాలో పడేసి కొట్లో పెట్టుకున్నాడు. నెల తిరగలేదు, పొగాకు కంపెనీ ఆయన తాళంచెవి ఎక్కడో పారేసుకుని వచ్చాడు. బ్రహ్మయ్య డబ్బా పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఆ గుమ్మం ముందు నిలబడి, ఒకదాని తర్వాత ఒకటి దూర్చి చూశాడు. చెమటలు కారిపోయాయి. చివరికి రాయి పెట్టి కప్ప పగలగొట్టారు.

అది నయం. ఆ తర్వాత వారం రైల్వే గార్డు డ్యూటీ దిగి సాయంత్రం ఇంటికొచ్చి, తాళం తీసుకుని లోపలికి వెళ్ళి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బూట్లు విప్పుతూ తలెత్తి చూస్తే ఎదురుగా ఉయ్యాల వేలాడుతోంది. ఆయనకి పిల్లల్లేరు. అది పక్క వాటా! ఆయన తాళంచెవికి పక్కవాళ్ళ తాళం శుభ్రంగా తెరుచుకుంది. అదే క్షణాన బావి నుంచి బిందెతో వచ్చిన ఆ ఇంటావిడ పెట్టిన కేకకి సందంతా కదిలి వచ్చింది.

"ఏందయ్యా బ్రహ్మయ్యా, ఇళ్ళు కట్టావా, సత్రం కట్టావా? ఎవరి ఇంట్లోకి ఎవరైనా పోవచ్చా?" అని నలుగురూ అరుగెక్కి నిలదీశారు.

ఆ రాత్రి అన్నం ముందు తల పట్టుకు కూర్చున్న తమ్ముడితో రాఘవమ్మ అంది, "కప్పలు, చెవులు అన్నీ ఓసారి నా దగ్గర పడెయ్. రేపు పొద్దుటికి తేల్చి చెప్తా."

"నీకెందుకక్కా ఈ తలనొప్పి?"

"పప్పులో రాళ్ళేరేదాన్ని. ఇది అంతకంటే కష్టమా ఏంది?"

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో చాప పరుచుకుని, ప్రతి చెవినీ ప్రతి కప్పలోనూ తిప్పి చూసింది. ఒకే చెవికి రెండు మూడు తెరుచుకునే కప్పలన్నిటినీ ఒక పక్కకి నెట్టి, "ఇయ్యి వెనక్కిచ్చి వేరేవి తెచ్చుకో" అంది. ఇక మంచివాటికి గుర్తులు కావాలి. అంకెలు రాసిన కాయితం ముక్కలు కడితే నాలుగు రోజులకి చిరిగిపోతాయి. రాఘవమ్మ కాసేపు ఆలోచించి లోపలికి వెళ్ళి, తన ట్రంకుపెట్టె తెరిచింది.

అందులో ఆమె పెళ్ళినాటి చీరలున్నాయి. కట్టుకున్నవి రెండో మూడో, మడత విప్పనివి మిగతావన్నీ. నెమలికంఠం రంగుది, వంకాయ రంగుది, చిలకపచ్చది, పసుపు మీద ఎర్రంచుది. ఏటా దులిపి, వేపాకు వేసి, మళ్ళీ అలాగే మడిచి పెడుతూ వచ్చింది.

బియ్యం చేటతో పెరట్లోకి వచ్చిన కృష్ణవేణి, నెమలికంఠం చీర అంచుని పర్రున చించుతున్న ఆడబిడ్డని చూసి చేట కింద పెట్టేసింది.

"వదినా! ఏంది ఆ పని!"

"మరి ఏం చెయ్యమంటావు అమ్మాయ్? పురుగులు తినేదాకా దాచమంటావా?"

కృష్ణవేణి లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ సాయంత్రం దాకా పేలికలు కత్తిరించి, ఒక్కో తాళంచెవికి ఒక్కో రంగు ముడి వేశారు. వడ్రంగి వరండా కిటికీ పక్కన ఒక చెక్క దిగ్గొట్టి మేకులు కొట్టి ఇచ్చాడు. ఆ మేకులకి రంగురంగుల తాళంచెవులు వేలాడాయి.

నాలుగు నెలలు తిరిగేసరికి వాటాలకి అవే పేర్లయ్యాయి. గార్డుగారిది చిలకపచ్చ వాటా. పొగాకు కంపెనీ ఆయనది వంకాయరంగు వాటా. పోస్టు బంట్రోతు కూడా "నెమలికంఠం వాళ్ళకి కార్డొచ్చింది" అనేవాడు.

రాఘవమ్మ పెట్టిన కట్టుబాటు ఒక్కటే. వాటాలో ఉన్న మనిషికి తప్ప, ఆ మనిషి ఫలానావాళ్ళకి ఇవ్వమని చెప్తే తప్ప, రెండో తాళంచెవి మేకు దిగదు. తమ్ముడడిగినా అంతే. ఒకసారి బ్రహ్మయ్య, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెంకులు చూసుకుంటానని వచ్చి అడిగితే, "వాళ్ళొచ్చాక వాళ్ళ ముందు చూసుకో" అని తేల్చేసింది. అది తెలిశాక జనానికి ఎంత నమ్మకం కుదిరిందంటే, బజారుకి వెళ్ళినా బావికి వెళ్ళినా తమ దగ్గరున్న చెవిని కూడా ఆమెకే ఇచ్చి పోయేవారు. పిల్లలు బడి నుంచి వస్తే తీసుకోవాలి, చుట్టాలు గురజాల నుంచి దిగుతారు, వాళ్ళకివ్వాలి. "అత్తమ్మా, మా ఆయనొస్తే ఇవ్వు." "అత్తమ్మా, పాలామె వస్తే నువ్వే తీసి పోయించు." ఏ వరండాలోకి రావడానికి జంకేదో, ఆ వరండా కిటికీ దగ్గరే రాఘవమ్మకి ఇప్పుడు పొద్దు గడిచేది.

అందరూ అంత సులువుగా ఆ కిటికీ దగ్గరకి రాలేదు. పసుపు వాటాలో త్రికోటయ్య అని మునసబు కోర్టు గుమాస్తా ఒకడు దిగాడు. ఈపూరు వైపు మనిషి. నిండా పాతికేళ్ళు లేవు కానీ పట్టింపులు మాత్రం మూడు తరాలవి. పొద్దున్నే ఆఫీసుకి పోతూ ఆమెతో ఏదైనా చెప్పాల్సివస్తే, మొహం వీధి వైపు తిప్పి, గోడకి చెప్పినట్టు చెప్పేవాడు. విధవ మొహం చూసి పోతే ఆ రోజు ఫైళ్ళు తారుమారవుతాయని అతని భయం. రాఘవమ్మ అది గమనించి, అతను వచ్చే వేళకి తానే కొంచెం వెనక్కి జరిగి కూర్చునేది. కోపం వచ్చేది కాదు. కాకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు.

అతని భార్య ఆదెమ్మ చిన్నపిల్ల. నెలలు నిండుతున్నాయి. త్రికోటయ్యకి టౌనంటే భయం, దొంగలంటే భయం, బైరాగులంటే భయం. అందుకని ఆఫీసుకి పోయేటప్పుడు ఆ పిల్లని లోపల ఉంచి బయట తాళం వేసుకుపోయేవాడు.

"కడుపుతో ఉన్న పిల్లని అట్టా తాళమేసి పోతావేంది నాయనా?" అని రాఘవమ్మ ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"పల్లెటూరి పిల్ల, ఎవరైనా తలుపు కొడితే తీసేస్తది. నేనొచ్చేదాకా తియ్యమాకండి. ఎవరడిగినా ఇవ్వమాకండి" అన్నాడతను, వీధి వైపు చూస్తూ.

అతను పోయాక ఆదెమ్మ తన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది. సందుకి ఇటు ఈమె, అటు ఆ పిల్ల. "అత్తమ్మా, కూరేంది?" "చింతచిగురు పప్పు. నీదో?" "నేనింకా వండలా." అలా ఇద్దరూ కిటికీల్లోంచే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పల్నాటి మాటకారి పిల్ల, మేకల గురించీ వాళ్ళమ్మ పెట్టే పండుమిరపకాయల కొరివికారం గురించీ చెప్పి నవ్విస్తుంటే, రాఘవమ్మకి ఆ తాళంచెవి మేకు మీద వేలాడుతూ కనపడి నవ్వు సగంలో ఆగిపోయేది.

రోహిణి కార్తె. మరో వారంలో ఆదెమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళాలి. ఆ రోజు త్రికోటయ్య కోర్టు కాగితాలతో పొద్దున్నే రైలెక్కి గుంటూరు వెళ్ళాడు. కృష్ణవేణి పిల్లల్ని తీసుకుని పెళ్ళికి నాదెండ్ల పోయింది. బ్రహ్మయ్య కొట్లో ఉన్నాడు. ఎండకి సందులో కుక్క కూడా తిరగడం లేదు. రాఘవమ్మ కిటికీ పక్కన చాప మీద నడుం వాల్చింది. టంగు టంగుమని చప్పుడు. ఎవరో గిన్నెలు తోముకుంటున్నారనుకుంది. చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. లేచి చూస్తే, పసుపు వాటా కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి. ఆ చేతిలో చెంబు. ఊచకేసి కొడుతోంది. మనిషి కనపడడం లేదు. కింద కూలబడి ఉంది.

"ఏమే ఆదెమ్మా!"

జవాబు లేదు. చెంబు చేతిలోంచి జారి అరుగు మీద పడి దొర్లింది.

రాఘవమ్మ మేకు మీది పసుపు ముడి తాళంచెవి అందుకుంది. అందుకున్నాక ఒక్క క్షణం ఆగింది. ఎవరికీ ఇవ్వద్దన్నాడు, తియ్యద్దన్నాడు. తాను పట్టపగలు ఆ సందు దాటి ఎన్నేళ్ళయిందో కూడా గుర్తులేదు. ఆ రెండూ ఆలోచించింది, అంతలోనే వదిలేసింది. కొంగు తల మీదకి లాక్కుని, చెప్పుల్లేని కాళ్ళతో కాలే నేల మీద పరిగెత్తింది. కప్ప ఎండకి నిప్పులా ఉంది. వేళ్ళు కాలి చెవి ఒకసారి జారిపోయింది. రెండోసారి తిరిగింది.

లోపల ఆదెమ్మ గోడకానుకుని ఉంది. చీర తడిసిపోయింది. "అత్తమ్మా, సచ్చిపోతానేమో" అని కొంగు పట్టుకుంది.

"చావవు. నేనున్నాగా. భయపడమాక" అని చెప్పి, వేళ్ళు విడిపించుకుని, వరస చివరి వాటాకి పరిగెత్తింది. అందులో మిషన్ ఆసుపత్రి నర్సు ఎలిజబెత్ ఉండేది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతోంది. రాఘవమ్మ రెండు చేతులా తలుపు బాదితే జుట్టు విరబోసుకుని లేచొచ్చింది. మాట వినగానే సంచీ అందుకుని ముందు తనే పరుగు తీసింది.

ఆసుపత్రికి తీసుకుపోయే వ్యవధి లేదని ఎలిజబెత్ చూడగానే చెప్పేసింది. పొయ్యి రాజేసి, నీళ్ళు కాచి, పాతబట్టలు వెతికి ఇచ్చి, రాఘవమ్మ గుమ్మం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది.

"అక్కగారూ, ఇటు రండి. దీని భుజాలు పట్టుకోండి."

"నేను ఉండకూడదమ్మా. తొలిచూలు. నాబోటిది ఎదురుగా ఉండటం..."

ఎలిజబెత్ తలెత్తలేదు. "ఆ పిల్ల మిమ్మల్నే పిలుస్తాంది. నన్ను కాదు. రండి."

ఆదెమ్మ నిజంగానే "అత్తమ్మా, అత్తమ్మా" అని కలవరిస్తోంది. రాఘవమ్మ లోపలికి వెళ్ళి ఆ పిల్ల తలని ఒళ్ళో పెట్టుకుంది. ఇక ఆ తర్వాత తానెవరో, ఎక్కడుండాలో, ఎక్కడుండకూడదో ఆమెకి గుర్తుకు రాలేదు. ఆదెమ్మ పళ్ళు బిగించి ఆమె మణికట్టు పట్టుకుంటే గోళ్ళు దిగి రక్తం చిమ్మింది. అదీ తెలియలేదు. ఎండ అరుగు దిగి సందు సగానికి జరిగేసరికి బిడ్డ కేరుమంది. ఆడపిల్ల. నెల తక్కువైనా గొంతు మాత్రం పెద్దది.

ఎలిజబెత్ తల్లి పని చూస్తూ, బిడ్డని తుడిచి, పాతచీర ముక్కలో చుట్టి రాఘవమ్మ చేతుల్లో పెట్టింది. అప్పటికింకా కళ్ళు కూడా సరిగా తెరవని ఆ బిడ్డ, ఆమె మొహంలోకే చూస్తున్నట్టు నుదురు ముడిచింది. రాఘవమ్మకి ఏడుపొచ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు. తమ్ముడి పిల్లలు పుట్టినప్పుడు పదకొండో రోజు వెళ్ళాక గానీ ఆమె వాళ్ళని ఎత్తుకోలేదు. ఎవరూ వద్దనలేదు. ఆమే దూరంగా ఉంది.

సాయంత్రం రైలు దిగి వచ్చిన త్రికోటయ్య, తన వాకిట్లో తాళం ఊడి ఉండటం చూసి గావుకేక పెట్టాడు.

"నా తాళం ఎవరు తీశారు? ఎవరికిచ్చారు?"

లోపలి నుంచి రాఘవమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. వెనక్కి జరగలేదు. చీరంతా మరకలు, చేతి మీద రక్తం, చేతుల్లో బిడ్డ.

"నేనే తీశా నాయనా. ఎవరికీ ఇవ్వలా. తియ్యకపోతే తల్లీ బిడ్డా దక్కేవాళ్ళు కాదు. నన్నేమన్నా అను, పడతా. కానీ ముందు నీ కూతుర్ని చూసుకో."

త్రికోటయ్య ఆమె మొహంలోకి చూశాడు. అన్నాళ్ళలో అదే మొదటిసారి. చూసి, చేతిలో కాగితాల కట్ట అరుగు మీద పెట్టి, అక్కడే చతికిలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. "నేను గుంటూరులో ఉండా... అది లోపల..." అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. రాఘవమ్మ అతని పక్కనే కూర్చుని బిడ్డ మొహం మీది గుడ్డ తొలగించింది.

"ఇదిగో, చూడు. ముక్కు అచ్చం నీదే. పాపం."

అతను ఏడుపులోనే నవ్వాడు.

పురుడు వెళ్ళాక అతను ఆఫీసుకి పోతూ నేరుగా కిటికీ దగ్గరకి వచ్చాడు. రాఘవమ్మ అలవాటుగా వెనక్కి జరగబోయింది. "జరగమాకు అత్తమ్మా" అన్నాడు. "తాళంచెవి ఇక ఆదెమ్మ దగ్గరే ఉంటది. అది కావాలంటే వేసుకుంటది, లేకపోతే లేదు. నీకు చెప్పి పోదామని వచ్చా. పోయొస్తా."

"జాగ్రత్తగా పోయిరా నాయనా" అంది రాఘవమ్మ. ఆ రోజు నుంచి, బదిలీ అయి వినుకొండ వెళ్ళిపోయేదాకా, "పోయొస్తా" అని ఆమెతో చెప్పకుండా అతను గడప దిగలేదు.

యుద్ధం అయిపోయింది. స్వరాజ్యం వచ్చింది. వాటాల్లో మనుషులు మారారు, మేకుల మీది రంగులు వెలిసిపోయాయి. ఎలిజబెత్‌ని మిషన్ వాళ్ళు వేరే ఊరి ఆసుపత్రికి పంపారు. ఆమె తాళంచెవి తెచ్చి ఇచ్చిన రోజున ఇద్దరూ చాలాసేపు కిటికీకి అటూ ఇటూ నిలబడ్డారు.

చివరి వాటా ఖాళీ అయిందని తెలిసి అద్దెకి వచ్చేవాళ్ళు కొట్టు ముందు బారులు తీరారు. రాత్రి అన్నం దగ్గర బ్రహ్మయ్య, "ఎవరికిద్దామక్కా? నువ్వు మనుషుల్ని చూసినదానివి, చెప్పు" అన్నాడు.

రాఘవమ్మ అతని విస్తట్లో మజ్జిగ పోసి, గిన్నె పక్కన పెట్టి, నిదానంగా అంది: "ఎవరికీ వద్దు తమ్ముడూ. నాకివ్వు."

బ్రహ్మయ్య చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "నీకా? ఎందుకు? మేమేమన్నా అన్నామా? కృష్ణవేణి ఏమన్నా అందా?"

"అయ్యో రామ, నేనేమంటాను వదినా!" అంటూ వంటింట్లోంచి కృష్ణవేణి కంగారుగా వచ్చింది.

"ఎవ్వరూ ఏమీ అనలా. మీరు నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటుండారు. ఇందరి ఇళ్ళు తీశాను, వేశాను. నా అంతట నేను గడియ పెట్టుకుని పడుకునే చోటు నాకెప్పుడూ లేదు కదా అనిపించింది. ఎదురుగానేగా ఉండేది. పిలిస్తే పలుకుతా."

బ్రహ్మయ్యకి చిన్నప్పుడు తనని ఒళ్ళో వేసుకుని, వంటింటి గోడ వారగా చాప మీద పడుకునే అక్కే కళ్ళ ముందు మెదిలింది. ఇప్పటికీ ఆ గోడ వారే ఆమె చాప.

"సున్నాలు వేయించి ఇస్తా. రెండ్రోజులాగు" అన్నాడు, ముద్ద కలుపుకుంటూ.

శుక్రవారం పాలు పొంగించి, సాయంత్రానికి ట్రంకుపెట్టె, చాప, నీళ్ళ బిందె చేరవేశారు. పిల్లలు కాసేపు గెంతి వెళ్ళిపోయారు. రాఘవమ్మ దీపం వెలిగించి, తలుపు వేసి, గడియ పెట్టింది. కొత్త సున్నం వాసన. గది మధ్య నిలబడి, ఏం చేయాలో తోచక, ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిచింది. గోడ వారగా పరిచిన చాపని లాగి గది నడిమధ్యన వేసుకుంది. కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. ఎవరూ పిలవలేదు.

కాసేపటికి బయట గాజుల చప్పుడు, తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు.

"ఎవరదీ?" అంది రాఘవమ్మ. అని, తన గొంతుకి తానే ఆశ్చర్యపోయింది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఎన్నడూ ఆ మాట అనాల్సిన అవసరం ఆమెకి పడలేదు.

"నేనే వదినా. గోంగూర పచ్చడి చేశా, రెండు ముద్దలు కలిసి తిందామని వచ్చా. రావచ్చా?"

"రా అమ్మాయ్, రా" అంటూ రాఘవమ్మ గడియ తీసింది.